పెళ్లి క్యాసెట్ల నుంచి హార్డ్ డిస్క్ దాకా: పరికరాలు, కొలతలు, ఖర్చుల డైరీ

దశ 1: సరుకు, లెక్క

మా అటక మీది ట్రంకు పెట్టెలో 11 వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, 8 మినీ డీవీ (డిజిటల్ కెమెరాలో వాడే చిన్న) క్యాసెట్లు ఉన్నాయి. వీహెచ్‌ఎస్‌లో 9 మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతిలో తీసిన పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, గృహప్రవేశాలు. మిగిలిన 2 అమెరికాలో స్థిరపడిన మా చిన్నాన్నగారు పంపినవి కనుక అక్కడి టీవీ ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉన్నాయి. పాల్ క్యాసెట్లు సుమారు 22 గంటలు, ఎన్‌టీఎస్‌సీవి 4 గంటలు, మినీ డీవీ 8 గంటలు.

చేతిలో ఉన్న కంప్యూటర్ పాతదే: నాలుగో తరం కోర్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. విడి గ్రాఫిక్స్ కార్డు లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో వీడియో ఎడిటింగ్ అనగానే కొత్త ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్ కలిపి కొటేషన్ రాసిస్తారు. 4కే కెమెరాతో తీసేవారికి అది మంచి సలహాయే గానీ, క్యాసెట్ పనికి లెక్క వేరు.

పాల్ చిత్రంలో మొత్తం 625 గీతలుంటాయి, కనిపించేవి 576. సెకనుకు 25 ఫ్రేములు వస్తాయి, ఒక్కో ఫ్రేము సరి గీతలు, బేసి గీతలు అనే రెండు ఫీల్డులుగా చీలి ఉంటుంది. దీన్ని 720×576 పరిమాణంలో, ఏ కుదింపూ లేకుండా, పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున పట్టుకుంటే సెకనుకు 20.7 ఎంబీ, గంటకు 74.6 జీబీ అవుతుంది. ఈ వేగాన్ని మామూలు హార్డ్ డిస్క్ కూడా తట్టుకుంటుంది. పైగా వీహెచ్‌ఎస్ టేపులో అడ్డంగా దొరికే వివరం సుమారు 240 గీతలకు మించదు. కనుక చిత్రం బాగుపడేదీ పాడయ్యేదీ కంప్యూటర్‌కు చేరకముందే. అందుకే కొనుగోళ్ల వరుసను తిరగేశాను: ముందు టేపు తిప్పే యంత్రం, తర్వాత సిగ్నల్‌ను నిలబెట్టేది, ఆ తర్వాత క్యాప్చర్ పరికరం (సిగ్నల్‌ను కంప్యూటర్ ఫైలుగా పట్టేది), డిస్కులు, చివర కంప్యూటర్.

దశ 2: వీసీఆర్

జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జూలైలో తయారీ ఆపేయడంతో కొత్త వీసీఆర్ అనేది లేకుండా పోయింది. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్, ఎర్రగడ్డ ఆదివారం సంత వంటి చోట్ల పాతవి దొరుకుతాయి. కొనేముందు చూడవలసినవి ఇవి.

1. పనికిరాని క్యాసెట్ ఒకటి వెంట తీసుకువెళ్లి, అక్కడే కనీసం పావుగంట నడిపించాలి.
2. ముందుకు, వెనక్కు పూర్తిగా చుట్టించి, చివరకు వచ్చినప్పుడు వేగం మందగిస్తున్నదేమో వినాలి.
3. ప్లే ఆపి క్యాసెట్ బయటకు తీసి, టేపు లోపల ఉచ్చుగా వేలాడుతున్నదేమో చూడాలి.

3,500 రూపాయలకు తెచ్చిన వీసీఆర్ దుకాణంలో బాగానే నడిచింది, ఇంట్లో గంటసేపు వేడెక్కాక టేపును మింగడం మొదలుపెట్టింది. అప్పుడు అందులో ఉన్నది టీవీ సీరియల్ రికార్డు చేసిన క్యాసెట్ కావడం వల్ల నష్టం లేదు. కోఠి గుజరాతీ గల్లీలో మెకానిక్ మూత తీసి చూసి, "బెల్టు ఒక్కటే కాదు సార్, ఐడ్లర్ టైరు గట్టిపడిపోయింది, అందుకే రీలు చుట్టుకోవట్లేదు" అన్నాడు. రెండూ మార్చడానికి 1,200 అయింది. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది కాబట్టి, పాత వీసీఆర్ కొనేవారు ఈ మరమ్మతు ఖర్చును మొదటే ధరలో కలిపి చూసుకోవాలి.

హెడ్లు (తిరిగే డ్రమ్ము మీద ఉండి టేపును చదివే భాగాలు) శుభ్రం చేసే పద్ధతి:

1. ప్లగ్ తీసి, మూత విప్పాలి.
2. దూది వాడకూడదు, దాని పీచు హెడ్ అంచుకు తగులుకుంటుంది. పీచు రాలని గుడ్డను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపాలి.
3. గుడ్డను డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి. గుడ్డను పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరుగుతుంది.
4. పూర్తిగా ఆరాకే విద్యుత్తు ఇవ్వాలి.

9 పాల్ క్యాసెట్లలో ఒకదాని డబ్బాకు ఉండే చిన్న కిటికీ గుండా చూస్తే టేపు అంచుల మీద తెల్లటి బూజు కనిపించింది. అలాంటిదాన్ని వీసీఆర్‌లో పెడితే బూజు హెడ్లకూ, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. కాబట్టి దాన్ని కవరులో మూసి పక్కన పెట్టాను.

ఖర్చు: వీసీఆర్ 3,500, మరమ్మతు 1,200, ఆల్కహాల్, గుడ్డలు 300. మొత్తం 5,000 రూపాయలు.

దశ 3: సిగ్నల్

ఎక్కువ కాలం తీసుకున్నదీ, ఎక్కువ నేర్పినదీ ఈ దశే.

మొదట 650 రూపాయల పేరులేని యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌తో పరీక్ష చేశాను. వర్చువల్‌డబ్ (వీడియో పట్టే సాఫ్ట్‌వేర్) పక్కన చూపే లెక్కల ప్రకారం ఒక గంట పెళ్లి క్యాసెట్‌లో 412 ఫ్రేములు రాలిపోయాయి, 37 ఫ్రేములు రెండోసారి చొప్పించబడ్డాయి. తేడా 375 ఫ్రేములు, సెకనుకు 25 చొప్పున 15 సెకన్లు. పురోహితుడి పెదవులు కదిలాక మంత్రం ఎప్పుడో వినబడడానికి కారణం ఇదే. దానికి తోడు చిత్రం పై అంచు జెండాలా పక్కకు వంగింది. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా తెర మొత్తం చీకటైపోయి, మళ్లీ మెల్లగా వెలిగింది.

టేపు సాగుతుంది, మోటారు వేగం తడబడుతుంది, అందువల్ల ప్రతి గీతా తన సమయానికి కాస్త ముందో వెనకో వస్తుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీ ఈ తడబాటును సర్దుకుపోయేది. డిజిటల్ చిప్ సర్దుకోలేక, పట్టు తప్పినప్పుడల్లా ఫ్రేమును వదిలేస్తుంది. దీన్ని సరిచేసేది టైమ్ బేస్ కరెక్టర్. స్టూడియోలకు చేసిన అసలు పరికరం ఇంటి బడ్జెట్‌కు అందదు. కానీ కొన్ని పాత డీవీడీ రికార్డర్లు, ముఖ్యంగా ప్యానసోనిక్ డీఎమ్ఆర్-ఈఎస్10, ఈఎస్15 మోడళ్లు, లోపలికి వచ్చిన సిగ్నల్ గీతలను మళ్లీ వరుసలో పెట్టి బయటకు పంపుతాయి. డిస్క్ వేయనక్కరలేదు, రికార్డు చేయనక్కరలేదు. ఆన్ చేసి లైన్ ఇన్‌పుట్ ఎంచుకుంటే చాలు. డిస్క్ ట్రే పాడైన ఈఎస్10 ఒకటి ఆబిడ్స్‌లో 4,000కు దొరికింది. ట్రేతో నాకు పని లేదు కాబట్టి బేరం కుదిరింది.

ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందుకే ముందు రికార్డర్‌ను మాత్రమే మధ్యలో పెట్టి, అదే క్యాసెట్‌ను, అదే స్టిక్‌తో పట్టాను.

స్టిక్ ఒక్కటే: రాలినవి 412.
రికార్డర్, స్టిక్: రాలినవి 9, పై అంచు వంపు పోయింది, వెలుగు హెచ్చుతగ్గులు మిగిలాయి.
రికార్డర్, స్టిక్ బదులు హాపాజ్ యూఎస్‌బీ లైవ్2 క్యాప్చర్ కార్డు: రాలినది 1, వెలుగు నిలకడగా ఉంది, శబ్దం స్టీరియోలో వచ్చింది.

412 నుంచి 9కి తెచ్చింది రికార్డర్, క్యాప్చర్ కార్డు కాదు. డబ్బు ఒకదానికే ఉంటే రికార్డర్‌కే పెట్టమంటాను. లైవ్2ను అమెరికా నుంచి వస్తున్న బంధువుల చేత తెప్పించాను, 4,800 అయింది. రికార్డర్ మెనూలో లైన్ ఇన్‌పుట్ నాయిస్ రిడక్షన్‌ను ఆపివేయాలి. అది ఉంటే ముఖాలు మైనపు బొమ్మల్లా నునుపెక్కుతాయి. రికార్డర్ నుంచి కార్డుకు ఎస్-వీడియో తీగ వాడాను, ఎందుకంటే ఆ తీగలో వెలుగు, రంగు విడివిడిగా ప్రయాణిస్తాయి. వీసీఆర్‌కు ఎస్-వీడియో లేనందున మొదటి భాగం మామూలు పసుపు తీగతోనే సాగింది.

తర్వాత వచ్చిన చిక్కు, తెర మీద అడ్డంగా మెల్లగా పైకి జరిగే నీడ పట్టీలు. 50 హెర్ట్జ్ కరెంటు హమ్ ఇలా కనిపిస్తుంది. వీసీఆర్ ఒక గోడ ప్లగ్‌లో, కంప్యూటర్ మరో గోడ ప్లగ్‌లో ఉండడం, వీసీఆర్ యాంటెన్నా రంధ్రానికి పాత కేబుల్ టీవీ తీగ తగిలించి ఉండడం వల్ల రెండు ఎర్తుల మధ్య తేడా ఏర్పడింది. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చి, కేబుల్ తీగ పీకేయగానే పట్టీలు మాయమయ్యాయి.

ఆఖరుది వెలుగు స్థాయి. ఆ కాలపు పెళ్లి వీడియోగ్రాఫర్లు మొహం మీదే హాలోజన్ లైటు వేసేవారు. ఆ వెలుగులో మధుపర్కాల తెలుపు పూర్తిగా ఎగిరిపోయి, బట్ట మడతలు కూడా కనబడవు. టేపు మీద ఉన్న వివరం క్యాప్చర్‌లో కోసుకుపోతే ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా తిరిగి రాదు. వర్చువల్‌డబ్‌లో హిస్టోగ్రామ్ (0 నుంచి 255 దాకా వెలుగు స్థాయిలు చూపే పటం) తెరిచి, మధుపర్కాలు ఉన్న దృశ్యం నడుపుతూ, కార్డు కాంట్రాస్ట్‌ను తెలుపు 235 దాటనంత వరకు, నలుపు 16 కిందికి పోనంత వరకు తగ్గించాను. ఒక్కో క్యాసెట్‌కు ఈ విలువలు మారతాయి కాబట్టి క్యాసెట్ లేబుల్ మీదే పెన్సిల్‌తో రాసి పెట్టాను.

చివరకు స్థిరపడిన పద్ధతి:

1. క్యాసెట్‌ను చివరిదాకా చుట్టి, వెనక్కు చుట్టాలి.
2. ఎక్కువ కదలిక ఉన్న చోట ట్రాకింగ్ (టేపు మీద హెడ్ల వరుస కుదరడం) సరిచేయాలి.
3. హిస్టోగ్రామ్ చూసి స్థాయిలు రాసుకోవాలి.
4. 720×576, 4:2:2 (అడ్డంగా రంగు వివరం వెలుగులో సగం), శబ్దం 48 కిలోహెర్ట్జ్, కుదింపు హఫ్‌వైయూవీ (నష్టం లేనిది).
5. పూర్తయ్యాక రాలిన ఫ్రేముల సంఖ్య నమోదు చేయాలి. గంటకు 5 దాటితే హెడ్లు శుభ్రం చేసి మళ్లీ పట్టాలి.

ఖర్చు: స్టిక్ 650, రికార్డర్ 4,000, తీగలు 450, కార్డు 4,800. ఇప్పటిదాకా 14,900 రూపాయలు.

దశ 4: అమెరికా క్యాసెట్లు

మా వీసీఆర్ ఎన్‌టీఎస్‌సీ క్యాసెట్‌ను టీవీలో చూపించగలదు, కానీ అది బయటకు పంపేది అసలు ఎన్‌టీఎస్‌సీ కాదు. పాల్ రంగును, సెకనుకు 60 ఫీల్డులను కలిపిన మధ్యరకం సిగ్నల్ అది, దాన్నే పాల్-60 అంటారు. టీవీలు దాన్ని ఒప్పుకుంటాయి. రికార్డర్ మాత్రం నీలి తెర చూపింది. నేరుగా కార్డుకు ఇస్తే చిత్రం నలుపు తెలుపులో వచ్చింది.

దుబాయిలో చాలాకాలం పనిచేసి వచ్చిన మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర మల్టీ సిస్టమ్ వీసీఆర్ ఉంది. దాని వెనక ఎన్‌టీఎస్‌సీ 3.58, 4.43 అనే స్విచ్ ఉంటుంది. 3.58లో పెడితే నిజమైన ఎన్‌టీఎస్‌సీ వస్తుంది. కార్డును 720×480కి, సెకనుకు 29.97 ఫ్రేములకు మార్చగానే రంగు వచ్చింది. గల్ఫ్‌కు వెళ్లి వచ్చిన వాళ్లున్న ఇళ్లలో ఇలాంటి యంత్రం ఇంకా ఉండే అవకాశం ఎక్కువ కనుక, కొనేముందు బంధువులను అడగడం మేలు. పాల్ రికార్డర్ సహాయం ఇక్కడ లేనందున గంటకు 20 దాకా ఫ్రేములు రాలాయి, దానితో సరిపెట్టుకున్నాను.

ఖర్చు పెరగలేదు: 14,900.

దశ 5: మినీ డీవీ

మినీ డీవీలో ఉన్నది ముందే డిజిటల్ సమాచారం. దాన్ని పసుపు తీగ ద్వారా పట్టడం అంటే మంచి కాపీని పాడు కాపీగా మార్చడమే. ఫైర్‌వైర్ తీగ ద్వారా ఉన్నదున్నట్లు దించుకోవాలి. గంటకు సుమారు 13 జీబీ అవుతుంది, నాణ్యతలో నష్టం ఉండదు, తీసిన తేదీ, సమయం కూడా వెంట వస్తాయి.

కెమెరా బ్యాటరీ చచ్చిపోయినా అడాప్టర్‌తో పనిచేసింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు 1,400, 4 పిన్నుల నుంచి 6 పిన్నుల తీగ 350. విండోస్ 10 కార్డును గుర్తించినా కెమెరా కనబడలేదు. విండోస్ 8 నుంచి పాత ఫైర్‌వైర్ డ్రైవర్‌ను తొలగించడమే కారణం. మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చిన లెగసీ డ్రైవర్‌ను ఇన్‌స్టాల్ చేసి, డివైస్ మేనేజర్‌లో దాన్ని ఎంచుకున్నాక విన్‌డీవీ సాఫ్ట్‌వేర్ కెమెరాను పట్టుకుంది. లినక్స్ వాడేవారికి డీవీగ్రాబ్ అదే పని చేస్తుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. 6 పిన్నుల తీగలో విద్యుత్తు కూడా ప్రవహిస్తుంది, కాబట్టి కెమెరా ఆపి ఉన్నప్పుడే తీగ తగిలించాలి. లేకపోతే కెమెరా సాకెట్ కాలిపోయే ప్రమాదం ఉంది. రెండోది, ఎల్‌పీ (ఎక్కువసేపు పట్టేందుకు టేపు మెల్లగా తిరిగే) వేగంలో రికార్డయిన టేపు వేరే కెమెరాలో గళ్లు గళ్లుగా వస్తుంది. తీసిన కెమెరా ఇంట్లో ఉంటే దాన్ని అమ్మకుండా ఉంచుకోవడం మంచిది.

ఇప్పటిదాకా 16,650 రూపాయలు.

దశ 6: డిస్కులు, కరెంటు

10 నిమిషాల ఒకే ముక్కను మూడు విధాలుగా భద్రపరిచి కొలిచాను. కుదింపు లేకుండా 12.4 జీబీ, హఫ్‌వైయూవీలో 5.9, ఎఫ్‌ఎఫ్‌వీ1లో 4.6. రెండు కుదింపులూ నష్టం లేనివే. పాత ప్రాసెసర్‌కు హఫ్‌వైయూవీ తేలిక కాబట్టి పట్టేటప్పుడు అదే వాడి, రాత్రిపూట ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో ఎఫ్‌ఎఫ్‌వీ1లోకి మార్చాను. ఎఫ్‌ఎఫ్‌వీ1 నిర్దేశాలు 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9043 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా బహిరంగంగా వెలువడ్డాయి కనుక, దాచిపెట్టే ప్రతికి అది సురక్షితం.

ఇంట్లో ఉన్న పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి పట్టినప్పుడు ప్రతిసారీ 7 నిమిషాలు దాటగానే ఫైలు ఆగిపోయింది. డిస్క్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంది, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చగానే సమస్య తీరింది. భద్రతకు 2 టీబీ డిస్కులు రెండు కొన్నాను, జత 11,200. ఒకటి ఇంట్లో, రెండోది కూకట్‌పల్లిలో మా అక్కయ్య ఇంట్లో ఉంటాయి.

ఏప్రిల్‌లో క్యాప్చర్ మధ్యలో కరెంటు పోయింది. ఏవీఐ ఫైలుకు విషయసూచిక చివర్లో రాయబడుతుంది కాబట్టి ఫైలు తెరుచుకోలేదు. వర్చువల్‌డబ్ ఆ సూచికను మళ్లీ కట్టింది, కానీ చివరి కొన్ని సెకన్లు పోయాయి. 600 వీఏ యూపీఎస్ 3,100కు తెచ్చి కంప్యూటర్‌నే కాక వీసీఆర్‌ను, రికార్డర్‌ను కూడా దానికే తగిలించాను. కరెంటు పోయినప్పుడు వీసీఆర్ లోపల టేపు చుట్టుకుని నిలిచిపోవడం ఫైలు పోవడం కంటే పెద్ద నష్టం.

డిస్క్ లెక్క: పాల్ 19 గంటలు (బూజు పట్టిన 3 గంటల క్యాసెట్ మినహా) 524 జీబీ, ఎన్‌టీఎస్‌సీ 4 గంటలు 110, మినీ డీవీ 8 గంటలు 104. మొత్తం 738 జీబీ.
డబ్బు: 30,950 రూపాయలు.

దశ 7: తలంబ్రాల పరీక్ష

రెండు ఫీల్డులుగా ఉన్న చిత్రాన్ని నేటి టీవీకి తగినట్లు పూర్తి ఫ్రేములుగా మార్చాలి. ఏ పద్ధతి మంచిదో పోల్చడానికి తలంబ్రాల ఘట్టం కంటే కఠినమైన దృశ్యం పెళ్లి క్యాసెట్‌లో లేదు: వందల బియ్యపు గింజలు వేర్వేరు వేగాలతో పడుతుంటాయి, వెనక పట్టుచీర జరీ మెరుస్తుంటుంది, పైన హాలోజన్ వెలుగు.

మొదట తేల్చుకోవలసింది ఫీల్డుల క్రమం. మా కార్డు పట్టిన వీహెచ్‌ఎస్‌లో పై ఫీల్డు ముందు, డీవీలో ఎప్పుడూ కింది ఫీల్డు ముందు. రెండింటినీ ఒకే సెట్టింగ్‌తో మార్చినప్పుడు ఒకటి తప్పక కుదుపులతో వస్తుంది. ఫ్రేము తర్వాత ఫ్రేము జరుపుతూ గింజలను చూస్తే సంగతి తెలుస్తుంది. గింజ కిందికే దిగుతుంటే క్రమం సరైనది, దిగి, పైకి లేచి, మళ్లీ దిగుతుంటే తప్పు.

మూడు పద్ధతుల ఫలితాలు:

1. ఫీల్డులను కలిపివేయడం: ప్రతి గింజకూ నీడ గింజ ఒకటి తయారైంది. వెంటనే వదిలేశాను.
2. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో బీడబ్ల్యూడిఫ్ అనే ఫిల్టర్, సెకనుకు 50 ఫ్రేములు: కదలిక సాఫీగా ఉంది, జరీ అంచులు కొద్దిగా మెట్లు మెట్లుగా కనిపించాయి. గంట వీడియోకు 20 నిమిషాలు, ఫైలు 3.4 జీబీ.
3. హైబ్రిడ్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా క్యూటీజీఎంసీ ఫిల్టర్, సెకనుకు 50 ఫ్రేములు: అంచులు నిలకడగా ఉన్నాయి, టేపు రవ్వలు తగ్గాయి. గంట వీడియోకు 5 గంటలు, ఫైలు 2.3 జీబీ.

సెకనుకు 25 ఫ్రేములకు తగ్గించమని చాలామంది చెబుతారు. అలా చేస్తే టేపు మీద ఉన్న కదలికలో సగం పోతుంది కనుక నేను ఒప్పుకోను. పెళ్లిళ్ల 12 గంటలకు క్యూటీజీఎంసీ, మిగిలిన 19 గంటలకు బీడబ్ల్యూడిఫ్ అని నిర్ణయించాను. ఎండాకాలంలో పగలు గది వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంది, అందువల్ల క్యూటీజీఎంసీ పని రాత్రులకే పరిమితం చేశాను.

ఇక్కడ గుర్తుంచుకోవలసినవి మరో రెండు. పాల్ పిక్సెల్ చదరం కాదు, కాబట్టి చివరి ప్రతిని 768×576కి మార్చకపోతే కొన్ని టీవీల్లో మనుషులు సన్నగా సాగుతారు. ఫైలులో రంగుల ప్రమాణం బీటీ.601 అని గుర్తు పెట్టకపోతే హెచ్‌డీ ప్రమాణంగా భావించి ఎరుపు, ఆకుపచ్చ రంగులను కొన్ని టీవీలు మార్చి చూపుతాయి.

డిస్క్: చివరి ప్రతులు 92 జీబీ, మొత్తం 830 జీబీ.

దశ 8: ఎడిటింగ్

డావించీ రిజాల్వ్ ఉచిత ప్రతి సమర్థమైనదే, అయితే విడి గ్రాఫిక్స్ కార్డు లేని ఈ కంప్యూటర్‌లో అది తెరుచుకుని, మొదటి క్లిప్ దగ్గరే నిలిచిపోయింది. 576 గీతల వీడియో కోసం గ్రాఫిక్స్ కార్డు కొనడం అనవసరం అనిపించి కేడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారాను. 8 జీబీ ర్యామ్ అదనంగా 1,300, పని ఫైళ్లకు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 3,200 పెట్టాక కత్తిరింపులు తడబాటు లేకుండా సాగుతున్నాయి.

కేడెన్‌లైవ్ టైటిళ్లలో తెలుగు వత్తులు విడిపోకుండా వస్తాయి. ఉచితంగా దొరికే మండలి, సురవరం ఫాంట్లు వాడాను. చిన్న అక్షరాలకు మండలి, పేర్లకు సురవరం బాగున్నాయి.

చేసిన మార్పులు తక్కువే. టేపు అడుగున కనిపించే హెడ్ మార్పిడి గీతలను కత్తిరించకుండా నల్ల పట్టీతో కప్పాను, కత్తిరిస్తే చిత్రం నిష్పత్తి చెడుతుంది. మిక్సింగ్‌లో వధూవరులను హృదయాకారంలో బిగించి సినిమా పాటలు కలిపిన భాగాలను ముట్టుకోలేదు. వాటి కింద అసలు శబ్దం లేదు, పైగా అవి లేని పెళ్లి క్యాసెట్‌ను మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

డబ్బు: 35,450 రూపాయలు.

మిగిలిన పని

1. బూజు పట్టిన 3 గంటల క్యాసెట్: శుభ్రం చేయడానికి విడిగా ఒక పాత వీసీఆర్ కావాలి, ప్రధాన వీసీఆర్‌లో పెట్టేది లేదు. పూర్తయితే మరో 83 జీబీ చేరుతుంది.
2. రెండు డిస్కుల్లోని ఫైళ్లకు ఎండీ5 చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే గుర్తు సంఖ్య) పట్టిక తయారైంది, కూకట్‌పల్లి డిస్క్‌ను దానితో సరిచూడాలి.
3. బంధువులకు 128 జీబీ పెన్ డ్రైవ్‌లు. మొదటి ప్రతిలో శబ్దం మార్చకుండా ఉంచితే మా మేనమామగారి టీవీలో చిత్రం మాత్రమే వచ్చింది. ఎంపీ4లో హెచ్.264 చిత్రం, ఏఏసీ శబ్దంగా మార్చాక రెండూ వచ్చాయి. మిగతా డ్రైవ్‌లను కూడా అలాగే నింపుతున్నాను.